ప్రసాదం రాయని పుస్తకం

మేనకోడలే కోడలైతే ఇంట్లో తగువులుండవంటారు. జగన్నాధం ఇంట్లో మాత్రం ఉన్న ఒకే ఒక్క తగువు ఆ మేనకోడలి గురించే. అదీ ఆ పిల్ల చదువు గురించి.

కుసుమకుమారి ఆయనకి చెల్లెలి కూతురు. చిన్నప్పుడు ఆయన భుజమెక్కి శ్రీకూర్మం డోలోత్సవం చూసిన పిల్ల. డిగ్రీ అవుతూనే ఆయన కొడుకు హరిబాబుకిచ్చి పెళ్ళి చేశారు. హరిబాబుకి కొత్తవలస జంక్షన్‌లో రైలుపట్టాలు చూసే ఉద్యోగం, రెండు గదుల క్వార్టరు. పెళ్ళికి ముందే ఆ పిల్ల మేనమామ చెవిలో ఓ మాట వేసి ఉంచింది.

"మావా, సికాకులం కాలేజీలో రెండేళ్ళ కోర్సు ఒకటున్నాది. సదూకుంటాను."

జగన్నాధం సరేనన్నాడు. ఏం కోర్సని అడగలేదు. తీరా ఫీజు కట్టి వచ్చాక అడిగితే, 'సమగ్ర ఆరోగ్యం' అంది. ఆ మాట ఆయన పోతురాజు టీ దుకాణంలో చెప్పాడు. అదే పొరపాటు.

"డాకటరీయా?" అన్నాడు పోతురాజు.

"కాదు."

"నర్సమ్మ సదువా?"

"అదీ కాదంట. జబ్బు రాకండా సూసే సదువంట. తిండి, నిద్ర, నడక, గాలి పీల్సడం, మనసు నిబ్బరం, అన్నీ కలిపి సెప్తారంట. డాకటరిచ్చిన మాత్రలు మానొద్దని కూడా సెప్తారంట."

"గాలి పీల్సడానికి కాలేజీ ఏటి మావా? ఇరవయ్యేళ్ళుగా ఈ పొయ్యి కాడ కూకుని ఊదుతన్నాను, నాకూ ఒక పట్టా ఇప్పించు మరి!"

బెంచీల మీదున్న వాళ్ళంతా నవ్వారు. జగన్నాధమూ నవ్వాడు. నవ్వనిది ఆయన భార్య అమ్మడు ఒక్కతే.

"అక్కడ మొగుడు సెయ్యి కాల్సుకుని ఒండుకుంతన్నాడు. ఇక్కడ పెళ్ళాం గాలి పీల్సడం నేర్సుకుంతన్నాది. బాగుంది యవ్వారం," అంది. నాలుగు రోజులు మూతి ముడుచుకుని, అయిదో రోజున షరతు పెట్టింది. "రెండేళ్ళంటే రెండేళ్ళే. మద్దిలో ఒక్క పరీచ్చ తప్పిందా, మూటా ముల్లే సర్దుకుని కొత్తవలస ఎల్లిపోవాల. మళ్ళీ కాలేజీ మాటెత్తకూడదు. ఒప్పుకుంతావా?"

"ఒప్పుకున్నాను అత్తా," అంది కుసుమ.

అలా ఆ పిల్ల మేనమామ ఇంట్లోనే ఉంటూ, సోమవారం నుంచి శనివారం దాకా రోజూ బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళొస్తుంది. శనివారం కాలేజీ అవగానే అటునుంచటే రైలెక్కి కొత్తవలస పోయి, ఆదివారం సాయంత్రానికి తిరిగొస్తుంది. మొదటి పరీక్షలు బాగానే గట్టెక్కాయి. చిక్కంతా రెండో దాంట్లో వచ్చింది. ఒక్కొక్కరూ ఒక్కో మనిషిని ఎంచుకుని, నలభై రోజులు ఆ మనిషి తిండీ తిప్పలూ రాయించి, ఏం మార్పు వచ్చిందో చూపించాలి. దాన్ని కాలేజీలో 'కేసు' అంటారు. సగం మార్కులు దానికే. కేసు పోతే ఆ ఏడాది పోయినట్టే.

జగన్నాధానికి నాలుగేళ్ళుగా చక్కెర జబ్బు ఉంది. పూటకో మాత్ర మింగుతాడు. అంతకన్నా దగ్గర్లో దొరికే కేసు ఎక్కడుంటుంది?

కుసుమ రెండు వందల పేజీల పుస్తకం తెచ్చి గీతలు గీసింది. నిద్ర, నడక, తిండి, మాత్ర, చివర్న పరగడుపున వేలు పొడుచుకుని మిషన్లో చూసిన అంకె. జగన్నాధం చదివింది ఏడో తరగతే అయినా చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. పదేళ్ళుగా రామకోటి రాస్తున్న చెయ్యి మరి. ఈ పుస్తకం కూడా ఆ రామకోటి పెన్నుతోనే రాస్తానన్నాడు.

"మావా, ఒక్కటే మాట. నోట్లోకి ఎల్లినదల్లా రాయాల. దాచేవంటే నా సదువు పోతాది."

"నానెప్పుడైనా అబద్దం ఆడేనేటే?"

ఆడలేదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. గోవును అమ్మబోయినప్పుడు, "ఇది పాలు పితికే ముందు తప్పకుండా ఒక తన్ను తన్నుతాది, సూసుకో," అని కొనడానికొచ్చినవాడికి తనే చెప్పి, వచ్చిన బేరాన్ని వెనక్కి పంపిన మనిషి ఆయన.

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిన మర్నాడు, సోమవారం పొద్దున మొదలుపెట్టారు. ఆవేళ అంకె నూట అరవై ఎనిమిది. తెల్లారగానే ఓ గ్లాసుడు సోళ్ళంబలి, అంటే రాగిజావ. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి కూర రెట్టింపు చేశారు. రాత్రికి రెండు గోధుమరొట్టెలు. పొద్దున చేల గట్ల మీద అరగంట నడక. సాయంత్రం అరుగు మీద మఠం వేసుకుని, ఒక ముక్కు మూసి రెండో ముక్కుతో గాలి పీల్చడం. రోడ్డున పోయేవాళ్ళు ఆగి, "ఏటి జగన్నాధం, జలుబా?" అని అడిగి మరీ వెళ్ళేవారు. మంగళవారం నూట యాభై తొమ్మిది. బుధవారం నూట యాభై. గురువారం నూట నలభై మూడు.

"సూసేవా అత్తా!" అని కుసుమ ఎగిరి గంతేసింది.

"ఊఁ," అంది అమ్మడు. ఆవిడకి ఆవేళ అంకెలు చూసే తీరిక లేదు. మార్గశిర లక్ష్మివారం. ఆ ప్రాంతంలో ఈ నెలలో వచ్చే గురువారాలు ఇంటి ఇల్లాలికి పెద్ద పండుగతో సమానం. తెల్లవారకముందే ఇల్లు కడిగి, గడప నుంచి దేవుడి గది దాకా ముగ్గుతో అమ్మవారి అడుగులు వేసి, వారానికొక నైవేద్యం పెట్టాలి. మొదటి వారం పులగం, రెండో వారం అట్లు, తియ్యటి తిమ్మనం, మూడో వారం అప్పాలు, పరమాన్నం, నాలుగో వారం చిత్రాన్నం, గారెలు, చివరి వారం, అది పుష్యంలోకి జారినా సరే, పూర్ణం బూరెలు. ఇంకో నియమం కూడా ఉంది. ఆ ప్రసాదం గడప దాటకూడదు. ఇరుగుపొరుగులకి పెట్టకూడదు, పెళ్ళయిపోయిన ఆడపిల్లకైనా పంపకూడదు. పంపితే ఇంటి లక్ష్మిని పంపేసినట్టే. ఇంట్లోవాళ్ళే తినాలి, మిగల్చకుండా తినాలి.

ఇంట్లోవాళ్ళంటే ఎంతమంది? హరిబాబు కొత్తవలసలో ఉన్నాడు. కుసుమ పొద్దున్నే రెండు ముద్దలు కళ్ళకద్దుకుని బస్సుకి పరుగెడుతుంది. అమ్మడికి పూజ చేసుకున్న రోజున ఆకలే ఉండదు. మిగిలింది జగన్నాధం. అమ్మవారి మాట కాదనే మనిషి కాడాయన. నెయ్యి ఓడుతున్న పులగం పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి, దీపాలవేళ గిన్నె అడుగున మిగిలింది మరోసారి భక్తిగా పూర్తిచేశాడు. రాత్రి పుస్తకం ముందేసుకుని, "అంబలి, గ్లాసుడు. మద్దేన్నం అన్నం తినలేదు. రాత్రి ఏమీ తినలేదు," అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

అందులో అబద్ధం ఎక్కడుంది? తిండి వేరు, ప్రసాదం వేరు. ఆయన తల్లి ఆయనకి అన్నప్రాశన నాటి నుంచీ చెప్పిన మాటే అది. 'పెట్టిన ప్రసాదం ఎంతని సూడకూడదు, సాలనకూడదు, లెక్కెట్టకూడదు.' కుసుమ పెరిగింది కూడా ఆ మాటల మధ్యనే. పిండిపదార్థాల గురించి పది పేజీలు గడగడా అప్పజెప్పే ఆ పిల్లకి, తన నోట్లో వేసుకున్న పులగం ఆ పది పేజీల్లోకి వస్తుందని తట్టనే లేదు.

శుక్రవారం పొద్దున వేలు పొడుచుకుంటే నూట తొంభై ఆరు.

"మిషను పోయిందేటే?" అన్నాడు.

"ఒక్కో రోజు అలా అవుతాది మావా. రాత్రి నిద్ర పట్టిందా?"

"కుంభకర్ణుడిలాగ పడుకున్నాను."

శనివారం నూట అరవైకి దిగింది. ఆదివారం మళ్ళీ నూట తొంభై. శనివారం ఆయనకి ఒక్కపొద్దు. కూర్మనాథస్వామి పేరు చెప్పుకుని మధ్యాహ్నం ఒక్కసారే అన్నం తింటాడు. రాత్రి అన్నం ముట్టడు. అన్నం ముట్టడు కాబట్టి అమ్మడు జాలిపడి ఇనపమూకుట్లో మినప దిబ్బరొట్టె వేసి, బెల్లంపాకంతో పెడుతుంది. దాన్ని ఫలహారమంటారు. ఉపవాసం ఉన్నవాడు చేసేది ఫలహారం. పుస్తకంలో శనివారం రాత్రి ఎదురుగా 'ఒక్కపొద్దు' అని ఒక్క ముక్క ఉంటుంది. కొత్తవలస నుంచి తిరిగొచ్చి అది చూసిన కుసుమ, ఒక్కపొద్దు ఉన్న మనిషికి చక్కెర పెరగడమేమిటని బుర్ర గోక్కుంటుంది.

అలా నాలుగు వారాలు గడిచాయి. కుసుమ నడకని అరగంట నుంచి గంటకి పెంచింది. జగన్నాధం గట్లన్నీ అయిపోయి పక్క ఊరి గట్ల మీద కూడా నడిచాడు. ఆ ఊరివాళ్ళు పొలం కొనడానికి వచ్చాడనుకుని ధర కూడా చెప్పారు. గాలి పీల్చడం రెండు పూటలా చేశాడు. అంకె సోమ, మంగళ, బుధవారాల్లో బుద్ధిగా దిగేది. శుక్రవారం, ఆదివారం మళ్ళీ గుర్రమెక్కేది.

ఆ పైన ధనుర్మాసం వచ్చింది. అక్కడితో సోమ, మంగళవారాలు కూడా చెడిపోయాయి. రెండు వందల పది, రెండు వందల ముప్ఫై, రెండు వందల ముప్ఫై ఆరు.

చివరి లక్ష్మివారం సాయంత్రం కుసుమ కాలేజీ నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా అరుగు మీద కూలబడింది.

"ఏటయింది?" అన్నాడు జగన్నాధం.

"మేడం నా పుస్తకం సూసింది. 'ఇది ఇంట్లో కూర్చుని నువ్వే రాసుకున్నావు, ఇలా తిన్న మనిషికి ఇలాంటి అంకెలు రావు, అంకెలైనా అబద్ధం, రాతైనా అబద్ధం' అన్నాది. వచ్చే వారం శుక్రవారం నాటికి నిజం పుస్తకం ఇయ్యకపోతే సున్నా ఏస్తానన్నాది మావా."

లోపల్నుంచి అమ్మడు వింటూనే ఉంది. "అయితే కొత్తవలసకి బట్టలు సర్దాలన్నమాట," అంది. గొంతులో సంతోషం ఉందో లేదో తెలియలేదు. చేతిలో మాత్రం బూరెల పళ్ళెం ఉంది. "ముందు ప్రసాదం పుచ్చుకోండి ఇద్దరూ."

కుసుమ ఏడుస్తూనే రెండు బూరెలు తింది. జగన్నాధం పళ్ళెంలో మిగిలినవి పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, కండువా దులిపాడు.

"నా సేతిరాతని అబద్దమంటాదా ఆ మేడం? రేపు నీతో నానూ వస్తన్నాను."

శుక్రవారం పొద్దున ఆయన తలస్నానం చేసి, ఊరి వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని వచ్చి, వేలు పొడుచుకుని, అంకె రాసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాడు. అంకె రెండు వందల యాభై రెండు. ఆ నలభై రోజుల్లోకీ అదే ఎక్కువ.

కాలేజీలో ధనలక్ష్మి మేడం ఉన్న గది చిన్నది. గోడ మీద గుండె బొమ్మ, దాని పక్కన పద్మాసనం బొమ్మ. మేడం నలభై ఏళ్ళ మనిషి. కోపంగా ఉంటుందనుకుంటే, నిలబడి నమస్కారం పెట్టి కుర్చీ చూపించింది.

"కూర్చోండి జగన్నాధం గారూ. మిమ్మల్ని శ్రమ పెట్టాలని కాదు. ఇది చూడండి." ఒక కాగితం ఆయన ముందు పెట్టింది. అంకెలన్నీ కలిపి గీసిన గీత. మొదట్లో వారానికి రెండేసి చొప్పున గోపురాల్లా లేచింది. చివరికొచ్చేసరికి కొండే అయిపోయింది. "మీ పుస్తకం చదివితే ఋషి భోజనంలా ఉంది. ఈ గీత చూస్తే పెళ్ళిభోజనంలా ఉంది. రెండూ ఒకే మనిషివంటే నేనెలా నమ్మాలి?"

"మీరు నమ్మకపోతే నాను ప్రమాణం సేత్తానమ్మా. అచ్చరం అచ్చరం నానే రాసేను. అందులో అబద్దం నేదు."

"సరే. ప్రమాణాలొద్దు. ఈ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి. ఏదీ వదలకండి."

"నాలుగున్నరకి లేసేను. తానం సేసి, గుడికెల్లేను. ధనుర్మాసం కదా, పూజ అయ్యేదాకా ఉన్నాను. తీర్తం, ప్రసాదం పుచ్చుకున్నాను. ఇంటికొచ్చి పరగడుపున ఏలు పొడుసుకుని..."

"ఆగండి. ఎప్పుడు పొడుచుకున్నారు?"

"గుడి నుంచొచ్చేక. పరగడుపున."

"ప్రసాదం తిన్నాక పరగడుపేమిటండీ?"

జగన్నాధం ఆవిడ వైపు జాలిగా చూశాడు. చదువుకున్నవాళ్ళకి ఒక్కోసారి చిన్న సంగతులు తెలియవు. "ప్రసాదం పుచ్చుకుంటే ఉపాసం సెడదు కదమ్మా," అన్నాడు.

కుసుమ చేతిలో పెన్ను కింద పడింది.

మేడం నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం ప్రసాదమండీ? ఎంత?"

"సక్కెర పొంగలి. ఎంతని సూడకూడదమ్మా. ఎక్కువేటి కాదు, పూజారికి నానంటే అబిమానం, ఇస్తరాకు మడిసి దొన్నె సేసి నిండా పెడతాడు."

"లక్ష్మివారాల్లో?"

ఈసారి కుసుమే చెప్పింది, నేల చూపులు చూస్తూ. పులగం దగ్గర్నుంచి నిన్నటి బూరెల దాకా. "నాకూ తట్టలేదు మేడం. నేనూ తిన్నాను. ఏడుస్తా తిన్నాను."

"శనివారం రాత్రి?"

"అన్నం ముట్టనమ్మా," అన్నాడు జగన్నాధం. ఆ తర్వాత ఎందుకో గొంతు తగ్గించి, "దిబ్బరొట్టె," అన్నాడు. ఇంకా తగ్గించి, "బెల్లంపాకం," అన్నాడు.

మేడం గ్లాసు కింద పెట్టింది. నవ్వు పోయింది గానీ, మాటలో కోపం లేదు. "మీరు అబద్ధం రాయలేదు. నాదే తప్పు, మాటన్నందుకు. కానీ జగన్నాధం గారూ, ఇది సగం పుస్తకం. మిగతా సగం కూడా రాసి తెస్తే తీసుకుంటాను. లేకపోతే నేనేమీ చెయ్యలేను. దేవుడు పెట్టాడా, భార్య పెట్టిందా అన్నది రక్తానికి తెలియదండీ."

ఇద్దరూ తిరుగుబస్సు ఎక్కారు. ఊరు దగ్గరపడ్డాక కుసుమ అంది: "మావా, నీకు మనసొప్పకపోతే రాయొద్దు. ప్రసాదం రాయమని నిన్ను బలవంతపెట్టి నేను పాసవనక్కర్లేదు."

ఆ మాటే ఆయన్ని ఎక్కువ బాధించింది. రాయమని పోరితే, పోవే అనేసేవాడు.

మర్నాడు శనివారం. రాత్రంతా ఆయన మనసులో రెండు మాటలు కొట్టుకుంటూనే ఉన్నాయి. రాస్తే, అమ్మ చెప్పిన మాట తప్పినట్టు. రాయకపోతే, ఆడిన మాట నిలబెట్టుకునే పిల్ల ఒకతె తన మూలంగా చదువు మానేసి పెట్టె సర్దుకుంటుంది. ఇన్నేళ్ళూ ప్రసాదం దగ్గర లెక్క చూడకపోవడం భక్తి అనుకున్నాడు. ఆ లెక్క వేలి చివర నెత్తుటిబొట్టులో కనిపిస్తూంటే చూడననడం కూడా భక్తేనా? ఎవర్నడగాలో తోచక, అడగవలసినవాణ్ణే అడుగుదామని మూడు కిలోమీటర్లు నడిచి శ్రీకూర్మం వెళ్ళాడు.

కూర్మరూపంలో ఉన్న స్వామికి దణ్ణం పెట్టుకున్నాడు. స్వామి మామూలుగానే ఏమీ అనలేదు. ప్రదక్షిణం చేసి, గుడిలో పెంచే తాబేళ్ళ దగ్గర కూర్చున్నాడు. వీపుల మీద చుక్కలతో చిన్నచిన్న తాబేళ్ళు నేల మీద నెమ్మదిగా తిరుగుతున్నాయి. వాటికి భక్తులు గోంగూర పెడతారు. ఆయనా ఒక కట్ట తెచ్చుకున్నాడు. ఒక తాబేలు ముందు ఆకు పెట్టాడు. అది మెడ చాచి, ఆకు అందుకుని, తాపీగా నమిలింది. రెండో ఆకు పెట్టాడు. సగం కొరికి వదిలేసింది. మూడో ఆకు మూతికి ఆనించాడు. తల లోపలికి లాగేసుకుంది.

"ఇదేటి? పుచ్చుకో! నానేటి పరాయోణ్ణా?" అని బతిమాలాడు. తాబేలు తల బయటికి రాలేదు. కాళ్ళు కూడా లోపలికి పోయాయి. ఇక నీ ఇష్టం అన్నట్టు రాయిలా కూర్చుంది.

జగన్నాధం చేతిలో కట్ట పట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు. భక్తితో పెట్టింది వద్దంటే తప్పని ఆయనకి చెప్పారు. స్వామి రూపంలో ఉన్నది స్వామి గుడిలోనే, భక్తుడు పెట్టింది చాలని తలుపులు వేసేసుకుంది. దాన్నెవరూ తప్పుపట్టడం లేదు. పక్కనున్న ముసలామె, "పొట్ట నిండిపోనాది బాబూ. ఇంకోదానికి పెట్టు," అంది, అదేం పెద్ద విషయం కానట్టు.

'చూడకూడదు, చాలనకూడదు' అన్న అమ్మకి చక్కెర జబ్బు లేదు. ఇంట్లో ఎనిమిది మంది ఉండేవారు. ప్రసాదం తలా ఒక ముద్ద వచ్చేది. ఆ ఒక్క ముద్దకి లెక్కెందుకు? ఈ మాట ఇప్పుడు తట్టింది ఆయనకి. అమ్మ తప్పు చెప్పలేదు. తనే ఎనిమిది మంది గిన్నెని ఒక్కడే ఖాళీ చేస్తూ వచ్చాడు.

మిగతా గోంగూర మిగతా తాబేళ్ళకి పంచి, ఇంటికి నడిచాడు.

కుసుమ ఆ శనివారం కాలేజీకీ వెళ్ళలేదు, కొత్తవలసకీ వెళ్ళలేదు. అరుగు మీద కూర్చుని ఉంది. "పుస్తకం తే," అన్నాడు. పెన్ను తీశాడు. మొదటి లక్ష్మివారం పేజీ తిప్పి, "పులగం" అని రాసి ఆగిపోయాడు. పెన్ను గాల్లోనే ఉండిపోయింది.

"ఎంత తిన్నానే?"

"నాకేం తెలుసు మావా? నేను కాలేజీలో ఉన్నాను."

నెల దాటిపోయింది. చూడకూడదని చూడకుండా తిన్నవాడికి ఏం గుర్తుంటుంది? ఉజ్జాయింపుగా ఏదో రాద్దామంటే, ఇప్పటిదాకా లేని అబద్ధం ఇప్పుడు మొదలవుతుంది. మామా కోడళ్ళిద్దరూ ఖాళీ గళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు.

"మూడు గరిటెలు," అంది వంటింట్లోంచి అమ్మడు.

ఇద్దరూ తలలు తిప్పారు.

"పొద్దున మూడు గరిటెలు. మద్దేన్నం రెండు. నెయ్యి సాల్లేదని మళ్ళీ ఏయించుకున్నాడు. దీపాలేళ గిన్నె ఊడ్సేడు. అదో గరిటె." ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది. "సూత్తారేటి? రాయండి."

"నీకెలా గుర్తున్నాదే?"

"ఒండింది నాను, పెట్టింది నాను. మీకేటి, నోరు తెరిసినోళ్ళు! రెండో లచ్చివారం అట్లు పదకొండు పోసేను. అందులో ఈ గుంట తిన్నది ఒకటి, నాను ఒకటి. మిగిలినయి ఎన్ని?"

"తొమ్మిది," అంది కుసుమ, రాస్తూ.

"తొమ్మిదా!" అన్నాడు జగన్నాధం అదిరిపడి.

"తిమ్మనం మాట అడగవేటి? గ్లాసుడున్నర. మూడో వారం అప్పాలు ఏడు, పరమాన్నం రెండు గిన్నెలు. ఒక అప్పం సెయ్యి జారి కింద పడితే ఊదుకుని తిన్నాడు, అదీ కలిపే ఏడు. నాలుగో వారం గారెలు..."

దీపాలు పెట్టేవేళ దాకా అమ్మడు చెప్తూనే ఉంది, కుసుమ రాస్తూనే ఉంది. దిబ్బరొట్టె ఏ వారం మందంగా వచ్చింది, ఏ వారం బెల్లం కొత్తది, అన్నీ చెప్పింది. ఒక్క గుడి పొంగలే ఆవిడ కంటికి అందలేదు. అందుకు జగన్నాధమే పూజారి ఇంటికెళ్ళి, దొన్నెలో ఎంత పడుతుందో అడిగొచ్చాడు. మధ్యలో ఓసారి ఆయన, "అమ్మడూ, ఇక సాలే, సిగ్గేస్తన్నాది," అన్నాడు.

"ప్రసాదం దగ్గర సిగ్గేటి? నోట్లోకి ఎల్లినదల్లా రాయాలని ఈ గుంట కదా మొత్తుకుంతన్నాది!" అంది అమ్మడు. అన్నాక, తను ఎవరి పక్షాన మాట్లాడుతోందో గుర్తొచ్చిందేమో, "పొయ్యి మీద పాలున్నాయి," అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి దిబ్బరొట్టె చేతిమందంలో సగమే వచ్చింది. పాకం లేదు. మర్నాటి నుంచి ఆయన ముందు వేలు పొడుచుకుని, అంకె రాసి, అప్పుడు గుడికి వెళ్ళాడు. పూజారి దొన్నె నింపబోతుంటే అరచెయ్యి చాపి, "ఇక్కడ ఒక్క ముద్ద పెట్టండి సామీ," అన్నాడు. పూజారి వింతగా చూసి అలాగే పెట్టాడు. ఆ ఒక్క ముద్దనీ కళ్ళకద్దుకుని తింటే, ఇన్నాళ్ళూ గమనించలేదు గానీ, అందులో పచ్చకర్పూరం వాసన ఉంది. పుస్తకంలో, "పొంగలి, ఒక ముద్ద," అని రాశాడు. గురువారానికి అంకె నూట యాభై ఒకటి.

శుక్రవారం సాయంత్రం కుసుమ బస్సు దిగి, ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చింది.

"పుస్తకం తీసుకున్నారా?" అన్నాడు జగన్నాధం.

"తీసుకున్నారు మావా. గీతకీ రాతకీ ఎక్కడికక్కడ సరిపోయింది. అన్నీ సదివి, ఈ అమ్మడు గారెవరని అడిగింది మేడం. మా అత్త అన్నాను. ఆ తర్వాత ఏమైందంటే," అని నవ్వు ఆపుకోలేక ఆగింది. "మేడంకి అనుమానమొచ్చి మిగతావాళ్ళ పుస్తకాలన్నీ మళ్ళీ తెప్పించింది. ఇరవై రెండు పుస్తకాలు. ధనుర్మాసం, లచ్చివారాలు అందరిళ్ళలోనూ ఉన్నాయి కదా! ఒక్క పుస్తకంలోనూ ప్రసాదం లేదు. అన్నీ వెనక్కిచ్చేసింది. ఎల్లి మీ అమ్మల్నీ అత్తల్నీ అడిగి రాసుకురండి అన్నాది."

పోతురాజు దుకాణం దాకా వినబడేలా నవ్వాడు జగన్నాధం. అమ్మడి నోట కొత్తవలస మాట రాలేదు.

శనివారం తెల్లారి కుసుమ మామయ్య వేలు పొడిచి, అంకె చూసి, మిషను పెట్టెలో పెట్టబోతోంది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని అమ్మడు వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. చూపుడువేలు ముందుకి చాపింది.

"వచ్చే ఏడు కూడా కేసు ఒకటి గావాలన్నావు కదే."

"కావాల అత్తా," అంది కుసుమ, ఆశ్చర్యం గొంతులో కనబడకుండా.

"మళ్ళీ మగోళ్ళని పెట్టుకోకు. ఏటి తిన్నారో కూడా గుర్తుండదు." మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. "బేగి పొడు. బయమేస్తన్నాది."

కుసుమ సూది తీసింది. "పరగడుపేనా అత్తా?"

"తులసి తీర్తం పుచ్చుకున్నాను," అంది అమ్మడు కళ్ళు తెరవకుండానే. "అదీ రాసుకో."